లోపలికి పీల్చిన అవును

స్వీడన్ ఉత్తరాన గ్రోబ్యాక్ అనే ఊళ్లో జనం నోరు తెరిచేది తక్కువ. ఎవరైనా ఏదైనా అంటే పెదవులు బిగించి ఊపిరిని సర్రున లోపలికి లాక్కుంటారు. "షుప్." అంతే, జవాబు అయిపోయినట్టే. దక్షిణాది వాళ్లు మొదటిసారి వింటే మనిషికి ఆయాసమేమోనని కంగారు పడతారు. ఆ ఊరి పిల్ల తూరాని చిన్నప్పుడు బడిలో పంతులమ్మ అందరి ముందూ నిలబెట్టి, "చేపలా గాలి మింగకు. నోరు తెరిచి అవును అని చెప్పు" అని గద్దించేది.

ఆ గాలి మింగడమే తర్వాత తూరాకి పాఠమైంది. నది సముద్రంలో కలిసేచోట ఉన్న నగరంలో, విశ్వవిద్యాలయపు నార్డిక్ భాషల శాఖలో చేరింది. పాత నార్స్ వ్యాకరణంతో కుస్తీ పట్టింది, ఐస్‌లాండ్ గాథలు చదివింది, డేనిష్ వాళ్లు మింగేసే అక్షరాలు వెతికి పట్టుకుంది. మాండలికాల వంతు వచ్చేసరికి తరగతి మొత్తం ఆమె వైపు తిరిగింది. అధ్యాపకుడు హెన్నింగ్ రికార్డర్ ముందుకు జరిపి, "ఇంకొక్కసారి అను" అని బతిమాలాడు. బడిలో సిగ్గుతో చెంపలు ఎర్రబడ్డ పిల్లకి ఇక్కడ చప్పట్లు దొరికాయి. ఆ ఊపులోనే వ్యాసం రాసింది. లోపలికి పీల్చిన ఈ శ్వాస సందేహం లేని అవును అని, సంపూర్ణ సమ్మతి అని తేల్చేసింది. శాఖలో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత చేరిన వాళ్లకి అదే పాఠం చెప్పారు.

గ్రోబ్యాక్ వెనక బురదనేల కింద లోహం ఉందని గని కంపెనీ కనిపెట్టింది. ఊరి బావులన్నిటికీ ఊట ఆ బురదనేలే. తవ్వే ముందు ఊరివాళ్లని కూర్చోబెట్టి అడగాలని చట్టం. అక్కడ అన్న ప్రతి మాటా రాసిపెట్టడానికి ఆ యాస తెలిసిన మనిషి కావాలి.

"మీ ఊరే కదా, నీకంటే ఎవరున్నారు?" అన్నాడు హెన్నింగ్.

తూరా పొంగిపోయింది. తన ఊరి గొంతు ఒక్క పొల్లు పోకుండా సర్కారు చెవికి చేరుతుంది, అదీ తన చేతి మీదుగా.

సభ రోజు పొద్దున మేనత్త మైవోర్ ఇంటికి వెళ్లింది. అత్త బావినీళ్లతో కాఫీ కాచి, అక్కడి అలవాటు ప్రకారం అందులో జున్నుముక్కలు వేసి ముందు పెట్టింది.

"ఏమే చదువుల తల్లీ, మా నోళ్లకి కాపలా వచ్చావా?"

"రాయడానికొచ్చానత్తా. మీరు వద్దంటే వద్దన్నట్టే రాస్తా."

"మొహాన వద్దనేంత మొరటువాళ్లెవరే ఇక్కడ? మీ తాత అడవి కొట్టుకునే కంపెనీ వాడికీ వద్దనలేదు. షుప్ అని ఊరుకున్నాడు." అత్త కిటికీలోంచి బోడికొండ వైపు చూసింది. "ఆ తర్వాత నీడకి కూడా ఒక్క చెట్టు మిగల్లేదు."

తాత అప్పట్లో ఒప్పుకున్నాడన్నమాట అనుకుంది తూరా. చెంచాతో జున్నుముక్క వెతుక్కుంటూ, అంతకు మించి ఆలోచించలేదు.

ఉత్తరాది చలికాలం కదా, మధ్యాహ్నమే చీకటి పడింది. చర్చి పక్క హాల్లో కుర్చీలు నిండాయి. కంపెనీ తరఫున వచ్చిన యెస్పెర్ పలచటి బూట్లలో వణుకుతూ, నవ్వు మాత్రం చెదరకుండా మాట్లాడుతున్నాడు. పక్కింటాయన సిక్స్‌టెన్ వంగి అత్త చెవిలో గొణిగాడు. "చూడవే మైవోర్, కోటుబాబు కాఫీ ముట్టుకోలేదు. మన నీళ్లంటే అప్పుడే భయం పట్టుకుంది."

"వసంతంలో తవ్వకం మొదలవుతుంది. అర్థమైంది కదా?" అన్నాడు యెస్పెర్.

షుప్.

"బావుల సంగతి మేం చూసుకుంటాం. సరేనా?"

షుప్. ఈసారి హాలంతా ఒక్కసారే పీల్చింది. కిటికీ బయట మంచు, లోపల ఆ చప్పుడు. తూరా ఒక్క క్షణం తలెత్తి చూసింది. వేళ్లు మాత్రం ఆగలేదు. అవును. అవును. అందరూ అవును.

మంచు కరగక ముందే నిర్ణయం వచ్చింది. ఊరు ఏకగ్రీవంగా సమ్మతించిందట. రుజువుగా తూరా రాతనీ, దాని వెనక ఆమె వ్యాసాన్నీ జతచేశారు.

అత్త ఫోన్ చేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"షుప్ అంటే విన్నానని కదే! నీ మాట చెవిన పడింది, ఇక వెళ్లమని. కథకి ఊకొట్టినవాడు కథలో దొంగకి తోడుపోయినట్టా? మాతో పెరిగినదానివేనా నువ్వు?"

తెలియని సంగతి కాదు. పాలు తాగే వయసు నుంచీ తెలిసిందే. చప్పట్ల మధ్య మరిచిపోయింది.

హెన్నింగ్ గదికి పరిగెత్తింది. "నా వ్యాసం తప్పండీ."

"తప్పెందుకవుతుంది? సున్నితమైన భేదం. బ్రహ్మాండమైన విషయం, దీని మీద ఇంకో వ్యాసం రాయి" అన్నాడాయన, కళ్లు మెరుస్తుండగా. ఆయన చెడ్డవాడు కాడు. ఊరు మునుగుతున్నా ఊరి ఉచ్చారణ భద్రంగా ఉంటే చాలనుకునే మంచివాళ్లు చదువుల లోకంలో చాలామంది. గనులకి దారి వేసేది బుల్డోజర్లొక్కటే కాదు.

జిల్లా అధికారుల ముందు తన రాత వెనక్కి తీసుకుంటానని తూరా అర్జీ పెట్టింది. పిలుపొచ్చింది. బస్సులో దారి పొడుగునా నోరు తెరిచి మాట్లాడటం సాధన చేసింది. డ్రిల్లింగ్ గొట్టాలు మోసుకుంటూ లారీలు ఎదురొచ్చాయి, ఎగువకి, గ్రోబ్యాక్ వైపు.

అధికారిణి మర్యాదగానే కూర్చోబెట్టింది. మూలన ఒక కుర్ర గుమస్తా టైపు చేస్తోంది.

"ఈ రాత మీదేనా?"

"అవును." నోరు బాగా తెరిచి చెప్పింది.

"వ్యాసం కూడా?"

"నాదే. కానీ అందులో రాసింది..."

"మీ వంతు వస్తుంది. ముందు నేను చెప్పేది వినండి. సభలో ఎవరూ కాదనలేదు. వ్యాసం మీరే రాశారు, మీరే తప్పంటున్నారు. మీ మాట తప్ప వేరే ఆధారం లేదు. కాబట్టి ఊరు ఒప్పుకున్నట్టే లెక్క. అర్థమైంది కదా?"

తూరా తలవంచుకుని వింటోంది. పెద్దావిడ చెబుతోంది, మధ్యలో అడ్డుపడకూడదు. అమ్మ నేర్పింది, అత్త నేర్పింది, ఊరు నేర్పింది. పెదవులు వాటంతటవే బిగిశాయి.

షుప్.

మూలన మీటలు టకటకలాడాయి. చిన్న మాటే. ఏ మాటో ఆమెకి చూడక్కర్లేకపోయింది.

"ఆగండి!" తూరా లేచి నిలబడింది. "అది కొట్టేయండి. నేను అవునన్లేదు!"

గుమస్తా తలెత్తి అయోమయంగా చూసింది. తూరా చదివిన భాషల శాఖలోనే చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల.

"అన్నారు కదండీ," అంది వినయంగా. "మాకు మీ వ్యాసమే పాఠం."