బీడీ ఇచ్చి ప్రశ్న అడిగిన మా దానియేలన్న

నిన్న పొద్దున డోర్నకల్ నుంచి ఫోన్. దానియేలన్న కూతురు.

"అత్తమ్మా, డాడీ నిద్రలనే పోయిండు" అంది.

చాయ్ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్న తిన్నవా బిడ్డా" అని అడిగాను. అదేం ప్రశ్నో నాకే తెలియదు.

ఈ వయసులో ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. కానీ విసుగొస్తోంది. ఇంకా ఎంతమందిని సాగనంపాలి.

మీలో చాలామందికి అన్న తెలియదు. ఎనభైల మొదట్లో హన్మకొండలో మేమిద్దరం ఒకే సర్వే టీమ్. క్యాన్సర్ గురించి ఊళ్లలో జనానికి ఏం తెలుసో, ఏం తెలియదో ఇంటింటికీ తిరిగి అడగడం మా పని. ఆడవాళ్లను నేను, మగవాళ్లను అన్న.

దారి పొడవునా చర్చి పాటలు పాడేవాడు, ఒక్కటీ రాగంలో ఉండేది కాదు. ఆపమంటే గొంతు పెంచేవాడు.

మానని పుండు దేనికి గుర్తు? గడ్డ కనిపిస్తే ఏం చేస్తారు? బీడీ, తంబాకు వల్ల ఏమన్నా అవుతుందా? ఇవీ మా ప్రశ్నలు.

ఊరికే అడిగితే ఏ మగాడూ కూర్చోడు. అందుకని అన్న సంచిలో బీడీ కట్టలు ఉండేవి. ముందు బీడీ, తర్వాత ప్రశ్న. ఊళ్లో మర్యాద అది. అందులో తప్పుందని మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు, డాక్టర్లతో సహా.

హసన్‌పర్తి దాటాక ఒక ఊళ్లో మల్లయ్య అనే రైతు. బీడీ అందుకుని ముట్టించాడు. దీనితో రోగం ఏమన్నా వస్తుందా అని అన్న అడిగాడు.

"ఎందుకొస్తది సారూ? చెడ్డదైతే మీరెందుకిస్తరు?"

అన్న మొహం మాడిపోయింది.

మల్లయ్య నోరు తెరిచినప్పుడు బుగ్గ లోపల తెల్లటి మచ్చ, దాని పక్కనే పుండు కనిపించాయి. దవాఖానకు రమ్మన్నాడు అన్న.

"నొప్పి లేదు గదా, ఫికర్ జేయకు. పత్తి ఏరుడు అయినంక సూద్దాం."

ఆఫీసుకొచ్చి అన్న ఒకటే గొడవ. "మనమే బీడీలిచ్చి మనమే అడిగితే, వాళ్లు ఇంకేం చెప్తరు? ఆ జవాబులు పనికిరావు. మల్లా అడగాలె."

పైవాళ్లు వినలేదు.

సెలవు రోజుల్లో తనే సైకిల్ మీద పోయాడు, బీడీలు లేకుండా. ఎవరూ కూర్చోలేదు. చేనుకు పోయేవాళ్ల పక్కన నడుస్తూ అడిగాడు. పోయినప్పుడల్లా మల్లయ్య గడప తొక్కాడు. బతిమాలాడు, కోప్పడ్డాడు. ఒకసారి దవాఖానకు తీసుకుపోదామని జీపు మాట్లాడుకుని వెళ్తే మల్లయ్య చేన్లో దాక్కున్నాడు.

పత్తి ఏరడం అయింది. మల్లయ్య తనంతట తానే వరంగల్ దవాఖానకు వచ్చాడు. నోటి క్యాన్సర్, అప్పటికే చెయ్యి దాటిపోయిందన్నారు.

చావుకు ఇద్దరం పోయాం. వచ్చినవాళ్లకు పళ్లెంలో బీడీలు తిప్పుతున్నారు. అక్కడి ఆనవాయితీ. పళ్లెం అన్న ముందుకు వచ్చింది. దండం పెట్టి పక్కకు జరిపాడు. అంత అలసిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

దినాలయ్యాక పలకరించడానికి మళ్లీ వెళ్లాం. మల్లయ్య భార్య లచ్చమ్మ మమ్మల్ని చూసి వాకిట్లోకి వచ్చింది.

"సారూ, జర నా నోరు గూడ సూడు. నేను తంబాకు నములుత."

అని ఎండలో నిలబడి నోరు తెరిచింది.

చూస్తుండగానే పక్కిళ్ల ఆడవాళ్లు కొందరు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. మేం ఎవరినీ పిలవలేదు, ఏమీ అడగలేదు.

అన్న ఒక్కొక్కరి నోట్లోకి చూశాడు. చూస్తూనే ఏడ్చాడు.

చాలా తిరిగావన్నా. ఇక ఆ సైకిల్ దిగు. నీ దేవుని దగ్గర నీకు నెమ్మది దొరకాలి.