మర్యాద కొట్టుకుపోనివ్వని వంతెన

కోనసీమ వేరే జిల్లా అయిన ఏడాది, వానలు వెనకబట్టే రోజుల్లో నన్ను ఐ.పోలవరం మండలానికి ఈవోపీఆర్డీగా వేశారు. అంటే పంచాయతీల విస్తరణాధికారి. గ్రామసభలు సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూడటం ఆ ఉద్యోగంలో ఒక పని. సభకు జనం రారు, వచ్చినా నోరు విప్పరు, విప్పేది ఎప్పుడూ ఆ నలుగురే. దీని మీద నాకు సర్వీసంతా మంటగానే ఉండేది. రిటైరయ్యేలోగా ఒక్క సభనైనా సభలా నడిపించి పోవాలని పంతం పట్టాను.

అవకాశం మురమళ్ళకు దగ్గర్లోని ఒక చిన్న ఊళ్లో దొరికింది. రోడ్డు పంట కాలువకు ఇవతల, ఊరు అవతల. దాటడానికి రెండుచోట్ల తాటిదుంగలు వేసుకున్నారు. పైరేవు రైతుల ఇళ్ల దగ్గర, కిందిరేవు చర్చి పేట దగ్గర. ఊరి మధ్యలో మురుగునీళ్లు పోయే కోడు ఉంది కాబట్టి ఒకరి దారి ఇంకొకరికి పనికిరాదు. వచ్చిన నిధులు ఒక్క వంతెనకే సరిపోతాయి.

సభలో అడిగితే ఆ నలుగురే తేల్చేస్తారు. అందుకని చీటీలు వేద్దామన్నాను. ఇంటికొక చీటీ రాసి, స్టీలు బిందెలో పోసి, అంగన్‌వాడీ ఆయమ్మ చేత ఓ పాతిక తీయించాం. పేర్లు వచ్చినవాళ్లు కూర్చుని మాట్లాడుకుని తేల్చాలి, వాళ్ల మాటే తీర్మానంగా రాసుకుంటామని సర్పంచ్ గారు ముందే సభ చేత ఒప్పించారు. ఇలా చేయమని చట్టంలో లేదు, చేయొద్దనీ లేదు. అలాంటి సందులు వెతకడంలో నాకు ఆఫీసులో కొంచెం పేరుంది.

చీటీల్లో పైరేవు నుంచి కొబ్బరి తోటల సూర్యనారాయణ గారి పేరు వచ్చింది. పేట నుంచి కుమారి అనే టీచరు పేరు వచ్చింది. కుమారి అవస్థ నేను స్థల పరిశీలనకు వెళ్లిన రోజే కళ్లారా చూశాను. పక్షవాతం వచ్చి తేరుకున్న వాళ్లమ్మ వాకరు పట్టుకుని నడుస్తుంది. ఐనవిల్లి నుంచి ఆటోలో కాలువ గట్టు దాకా వస్తుంది, దుంగ ఎక్కలేక అక్కడే కుర్చీలో కూర్చుంటుంది. కుమారి ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి, గట్టు మీదే తల్లికి మర్యాదలు చేసి పంపిస్తుంది. కూతురు కట్టుకున్న ఇంటి గడప ఆవిడ ఇంతవరకూ తొక్కలేదు. అధికారిగా నేను ఏ వైపూ మాట్లాడకూడదు గానీ, మనసులో మాత్రం కిందిరేవుకే రావాలని కోరుకున్నాను.

షామియానా కింద సభ మొదలైంది. సూర్యనారాయణ గారు లేచి, "మాకేం తొందర లేదండి. ముందు పేటోళ్లకి వేయించండి" అన్నారు. ఇంత సులువా అని నేను మురిసిపోయాను. వెంటనే పేట పెద్దాయన ఒకాయన లేచి, "అలా అనకండి. తవరికి కొబ్బరికాయ దింపు ఉంటాది. పైరేవుకే వేయాలండి" అన్నాడు. "ఆయ్, బాగుండదండి, ముందు మీరు." "కాదండి, మీరే." పెళ్లిలో మొదటి పంక్తి దగ్గర బతిమాలుకున్నట్టు గంటసేపు బతిమాలుకున్నారు.

చేతులెత్తమన్నాను. రైతులంతా పేటకు ఎత్తారు. పేటవాళ్లంతా రైతులకు ఎత్తారు. చీటీల్లో పేటవాళ్లే ఎక్కువమంది వచ్చారు గనక వంతెన పైరేవుకు పోయింది. కుమారి చెయ్యి కూడా అటే లేచింది. గెలిచినందుకు సూర్యనారాయణ గారు నొచ్చుకుని, ఇదేం అన్యాయమని నన్నే అడిగారు. పేటవాళ్లది భయమేమోనని ఒకసారి అనుమానించాను. టీచర్లూ బ్యాంకు ఉద్యోగులూ ఉన్న పేట అది, ఎవరికీ భయపడరు. ఇది అచ్చంగా మర్యాదే. నాకు తల బాదుకోవాలనిపించింది, నవ్వూ ఆగలేదు.

తీర్మానం మీద సంతకాలు పడేదాకా చర్చ మళ్లీ తెరవొచ్చు. ముందు టీ ఇప్పించాను. ఎవరి చేతికి గ్లాసు ఇచ్చినా పక్కవాళ్లకు జరిపేస్తున్నారు. టీ చల్లారిపోతోంది గానీ ఎవరూ తాగరు. చివరికి ఒక గ్లాసు తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది, మీరు మా ఊరికి వచ్చినవారు, ముందు మీరు తాగాలని అందరూ ఒక్కటై పట్టుబట్టారు. అప్పుడు నాకు దారి దొరికింది. గ్లాసు పట్టుకునే అడిగాను: వంతెన మాట వదిలేయండి, మీ ఇళ్లకు వచ్చిన చుట్టాలు కాలువ ఎలా దాటారో చెప్పండి.

అంతే, సభకు నోరొచ్చింది. సూర్యనారాయణ గారి వియ్యంకుడి చెప్పు ఒకటి నీళ్లలో పడిపోయిందట. "అది మా రేవులో తేలిందండి, ఇప్పటికీ దాచే ఉంచేం" అన్నాడు పేట పెద్దాయన. పేటకు వచ్చిన కొత్త పాస్టరు గారు కాలువలో నడుములోతున నిలబడే అందరికీ వందనాలు చెప్పారట. పుట్టినరోజుకు తెచ్చిన కేకు చేపలు తిన్నాయట. ఒకరు ముగించకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు. ఆ నలుగురు మాత్రం వెనక కుర్చీల్లో కూర్చుని నోళ్లు తెరుచుకుని విన్నారు.

చివర్లో కుమారి నెమ్మదిగా, "మా అమ్మ అసలు దాటనే లేదండి" అంది. గట్టు మీద కుర్చీ సంగతి చెప్పింది.

సూర్యనారాయణ గారి ముఖం ఎర్రబడింది. "మనూరికి వచ్చిన పెద్దావిణ్ణి గట్టు మీంచి పంపించేస్తన్నామా? ఎంత తప్పండి. ఇంక మర్యాదలు చాలు. మీకోసం ఎత్తొద్దమ్మా, ఆవిడ కోసం ఎత్తండి చెయ్యి."

ఈసారి చేతులన్నీ కిందిరేవుకే లేచాయి. సూర్యనారాయణ గారు రెండు చేతులూ ఎత్తారు. రెండు ఓట్లు చెల్లవని చెప్పి ఒకటి దింపించాను.

నేను రిటైరయ్యే ముందే వంతెన పూర్తయింది. ప్రారంభం రోజున సర్పంచ్ గారు కత్తెర సూర్యనారాయణ గారికి ఇచ్చారు. ఆయన పాస్టరు గారికి, పాస్టరు గారు నాకు, నేను మళ్లీ సర్పంచ్ గారికి. ఆ కత్తెర అలా తిరుగుతుండగానే ఆటో వచ్చి ఆగింది. కుమారి వాళ్లమ్మ దిగి, "కాస్త తప్పుకోండి బాబూ, అక్కడ కాఫీ చల్లారిపోద్ది" అని వాకరు టకటకలాడిస్తూ నడిచింది. రిబ్బను వాకరుకు చుట్టుకుని తెగింది. ఆవిడ వెనక్కి చూడకుండా అవతలికి చేరింది.

ఆ పోస్టింగులో నేను నేర్చుకున్నది ఇంతే. చీటీలు తీయడం, చేతులు లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. మీకేం కావాలని అడిగితే మా వైపు జనం పక్కవాళ్లను చూపిస్తారు. మీ ఇంటికి ఎవరు రాలేకపోతున్నారని అడగాలి.