నిద్ర పట్టని సేటు

ఎనభైలల్ల మా నాందేడ్ బజారుల నిద్ర పట్టదని చెప్పుకునుడు ఒక హోదా. హాయిగ పండే సేటుకు వ్యాపారం లేనట్టే లెక్క. నేను బట్టల దుకాణంల గద్దె మీద కూసోని, కన్ను మూసి ఎన్నేండ్లయిందోనని అచ్చినోళ్లందరికి చెప్పేటోణ్ణి. మధ్యాహ్నం గల్లాపెట్టె మీద తల వాలిస్తే అది నిద్ర కాదు, ఆలోచన.

ఇది విని ఒక మరాఠీ డాక్టర్ సాబ్ దుకాణానికి అచ్చిండు. నిద్ర పట్టనోళ్ల కోసం ప్రశ్నల కాయితం తయారు చేసిండట. పండుకున్నంక ఎంతసేపటికి నిద్ర పడ్తది, నడుమల మెలకువ అయితదా, పొద్దుగాల ఒళ్లు ఎట్లుంటది, అట్లాంటివి. అవే ప్రశ్నలు రెండు వారాలాగి మళ్ల అడుగుతడు. జవాబులు ఒక్కతీరుగ అస్తే కాయితాన్ని నమ్మచ్చు. అయితే అది కొలిచేది నిజంగ నిద్రనేనా అన్నది వేరే పరీక్ష. దానికి ఇంట్లోళ్లను అడుగుతడు.

మొదటిసారి నేను రెచ్చిపోయిన. మా అమ్మ మంచాన పడ్డప్పుడు రాత్రులు లేసి లేసి నీళ్లు తాపిన, ఆమెతోనే నా నిద్ర పోయిందన్న. డాక్టర్ సాబ్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. రెండోసారికి ఆ కత మరిచే పోయిన. గోదావరి వరదల కొట్టుకపోయే బట్టల తాన్లను ఈదుకుంట పట్టుకున్నప్పటి సంది నిద్ర లేదన్న.

ఆయన పెన్ను ఆపిండు. తప్పు కాయితంలున్నదా, మనిషిలున్నదా తేలాలె, వహినిని, అంటే మా ఇంటామెను, పిలువుమన్నడు.

మా ఇంటామెకు మరాఠీ అంతంత మాత్రం. నడుమ దుబాసీని నేనే. ఈయన నిద్ర ఎట్లుంటదని అడిగితే, పండుడే ఆలస్యం గురక మొదలైతదని, తెల్లారిందాక ఎటు పక్క తిరిగితే ఎట్ల గురక పెడ్తనో అంత చెప్పింది. నేను సగం మింగి మరాఠీల చెప్పిన. నీకెట్ల ఎరుక అని డాక్టర్ సాబ్ అడిగిండు.

"నేను మేలుకొనే ఉంట గద," అన్నది. "అత్తమ్మ రాత్రిల్ల నీళ్లకు పిలిచేది. లేసి లేసి అలవాటైంది. ఆమె పోయింది గని, మెలకువ పోలే."

ఆ మాటలు మరాఠీల నేను ఇదివరకే ఒకసారి చెప్పి ఉన్న, నావి అని. ఈసారి ఆమెవి అని చెప్పిన. డాక్టర్ సాబ్ నా దిక్కు చూసిండు. కొత్త కాయితం తీసి ఆమెను అడుగుడు మొదలుపెట్టిండు. ఒక్కొక్క ప్రశ్న ఆమెను నేనే అడగాల్సి అచ్చింది, పెండ్లయినంక మొదటిసారి. నీకు నిద్ర పట్టదని ఇంట్ల ఎవలకన్న ఎరుకేనా అన్నది ఆఖరిది.

"ఎవలు అడగలే," అన్నది.

రెండు వారాలకు మళ్ల అవే ప్రశ్నలు. అన్నిటికి అవే జవాబులు. ఆఖరిదొక్కటే మారింది. ఎందుకు మారిందని డాక్టర్ సాబ్ అడిగిండు.

"ఇప్పుడు ఈయనకు ఎరుకే," అన్నది మా ఇంటామె. "అయినా పండుకుంటడు."

తల వంచుకొని అది కూడ మరాఠీల చెప్పిన. ఒక్క మాట మింగలే.