పళ్ళేలు మోసిన డ్రైవరు

ఖరగ్‌పూర్‌లో గూడ్సు బళ్ళు నడిపే విల్‌ఫ్రెడ్‌కి రెండు విషయాల్లో మొహమాటం లేదు: ఇంజన్ కూత పెట్టడంలోనూ, ఎదుట పెట్టింది తినడంలోనూ. యాభై రెండేళ్ళ ఆ భారీ మనిషికి సిగ్గంటే ఏమిటో తెలిసింది 1991 నవంబరులో. రైల్వే డాక్టరు పరీక్ష చేసి సుగరు ఉందన్నాడు. జనవరిలో మళ్ళీ చూస్తానన్నాడు. తగ్గితే ఇంజన్, తగ్గకపోతే షెడ్డులో కుర్చీ.

ఇరవై ఆరేళ్ళు ఇంజన్ మీద గడిపినవాడికి కుర్చీ అంటే జైలే. అయినా భార్య రూతుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. తాముండే పూరీ గేట్ పేట అంతా తనకేసి జాలిగా చూస్తుందని ఆయన భయం.

రూతు అన్నం తగ్గించి రొట్టెలు పెట్టింది. రోజూ గంటసేపు నడవమంది. వీధి చివరికి కూడా సైకిలెక్కే మనిషి ఊరికే నడిస్తే నలుగురూ ఎందుకని అడగరూ? అందుకని ఓ ఉపాయం పన్నాడు. డిసెంబరు వస్తే అక్కడి తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పిండివంటల పళ్ళేలు గుడ్డ కప్పుకుని ఇంటింటికీ తిరుగుతాయి. తమ ఇంటి పళ్ళేలు మోసే పని ఈసారి తనదేనని, డ్యూటీ లేని సాయంత్రాలు కాలినడకన బయల్దేరాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, క్రిస్మస్ నెలలో అడక్కపోయినా ప్రతి అమ్మా పెడుతుంది.

"నిలబడే పోతావేటి తమ్ముడూ? కూకో," అంది వీధి మొదట్లో ఉండే ఎలీసమ్మ. "కేకు గోల్‌బజార్ బేకరీలో కాల్పించినాను. రుచి సూసి సెప్పు."

వద్దంటే నొచ్చుకుంటుంది. కారణం చెబితే పరువు పోతుంది. తిన్నాడు. పక్కింట్లో అరిసె, ఎదురింట్లో నూనెలో వేయించిన గులాబీ పువ్వులు. నడిచింది మైలు, తిన్నది పళ్ళెం.

రెండు వారాలు పోయాక రూతు పరీక్ష చేయించింది. సుగరు నవంబరు కన్నా ఎక్కువుంది.

"ఏటండీ ఇది? ఇంట్లో రొట్టెలు తప్ప ఏటీ పెట్టలేదు కదా!"

"నువ్వు సెప్పినట్టే నడిసినానే. నడిసిన కాడల్లా పెట్టినారు."

రూతుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఇంజన్ కన్నా పరువే ఎక్కువైతే, ఆ కుర్సీలోనే కూకోండి," అంది.

ఆ మాట సూటిగా తగిలింది. ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ విల్‌ఫ్రెడ్ లేచాడు. జబ్బు నయమయ్యాక లేచి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. నయం కాకముందే లేచినవాడు ఈయనొక్కడే.

"నాకు సుగరుంది," అన్నాడు. "జనవరిలో తగ్గకపోతే నన్ను ఇంజన్ దించేస్తారు. ఎలీసమ్మక్కా, నీ కేకు బాగుంది. దండం పెడతాను, ఇంక పెట్టకు."

ఆడవాళ్ళ వైపు నుంచి ఎలీసమ్మ మెల్లగా లేచింది.

"నాకూ ఉంది తమ్ముడూ. ఏడేళ్ళయింది. ఒక్కదాన్నే ఆసుపత్రికి పోయి వస్తన్నాను. కేకు నేను రుచి సూడకూడదు కాబట్టే కదా ఊరందరికీ పెట్టి అడుగుతన్నాను!"

పాస్టరు తీతు గారు బైబిలు మూసి, తనకీ ఉందన్నట్టు చెయ్యెత్తారు. అంతే, చర్చి అంతా గొల్లున నవ్వింది.

ఆ క్రిస్మస్‌కి పళ్ళేలు తిరగడం మానలేదు. గుడ్డ తీస్తే జామకాయ ముక్కలు, ఉడికిన శనగలు ఉండేవి, పిల్లల కోసం పక్కన రెండు అరిసెలు. సాయంత్రాలు అయిదారుగురు పాటలు పాడుకుంటూ హిజ్లీ రోడ్డు మీద నడిచేవారు. వాళ్ళలో అందరికన్నా వెనకపడేది పాస్టరు గారే.

జనవరిలో డాక్టరు 'ఫిట్' అని రాశాడు. విల్‌ఫ్రెడ్ ఆ కాగితం రూతు చేతిలో పెట్టి, నేరుగా ఎలీసమ్మ ఇంటికి వెళ్ళాడు.

"పద అక్కా. ఇయ్యాల నీ పరీక్ష కదా."

ఏడేళ్ళలో మొదటిసారి ఎలీసమ్మ ఇంకొకరి తోడుతో ఆసుపత్రికి బయల్దేరింది. ఇద్దరూ నడిచే వెళ్ళారు.