పసుపు పెట్టిన కూపన్లు

మా రెండో పాప అన్నప్రాశన నాటికి మేము కతర్‌లో, ఉమ్ ఘువైలినా అనే పేటలో ఉండేవాళ్ళం. మావారి కంపెనీలో రెండు నెలలుగా జీతాలు లేవు.

"ఈసారికి మన నలుగురమే పాయసం వండుకు తిందామోయ్," అన్నారాయన.

నాకు మనసొప్పలేదు. పాప పుట్టినప్పుడు మా భవనంలోని ఏడిళ్ళవాళ్ళూ వంతులు వేసుకుని నెల రోజులు నాకు పథ్యం వండి పంపారు. వాళ్ళందరికీ ఒక్కపూట అన్నం పెట్టుకోవాలని నా కోరిక.

దానికి కనిపించిన దారి కూపన్లు. శుక్రవారం పేపరు మధ్యలో అల్ సద్‌లోని ఒక దుకాణంవారి పల్చటి కాగితం వచ్చేది, ఒకవైపే అచ్చుతో. బియ్యం బస్తాకొకటి, నూనె డబ్బాకొకటి, పంచదారకి, నేతికి, కందిపప్పుకి ఒక్కొక్కటి కత్తిరించి తీసుకెళ్తే సరుకు సగం ధరకే ఇచ్చేవారు. మేము పేపరు కొనేవాళ్ళం కాదు. పై అంతస్తు ఆపా తన కాగితాలు నాకిచ్చేది. హైదరాబాదు ఆవిడ, నాకన్నా పదేళ్ళు పెద్ద; ఉర్దూలో అక్కని పిలిచినట్టు ఆపా అనేదాన్ని.

నేను బడి మొహం చూడలేదు. తెలుగూ, ఇంగ్లీషు అంకెలూ నాన్నగారు వీధరుగు మీద కూర్చోబెట్టి నేర్పారు. ఆ చదువుతోనే కూపన్ల మీది ఆఖరు తేదీలు చూసుకునేదాన్ని.

కొత్తగా ఇంటికొచ్చిన దేనికైనా పసుపు పెట్టి దేవుడి ముందుంచడం మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. శుభలేఖకి పెట్టినట్టే ఆ కూపన్లకీ నాలుగు మూలలా తడిపసుపు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

"ఏంది చెల్లె, కూపన్లకు పెండ్లి చేస్తున్నవా?" అని ఆపా ఒకటే నవ్వు.

అన్నప్రాశన శుక్రవారమైతే, కూపన్లకి గురువారమే ఆఖరు. పాపని ఎత్తుకుని, ఆపాని తోడు తీసుకుని టాక్సీలో వెళ్ళాను. తోపుడుబండి నిండా సరుకులతో బిల్లు దగ్గరికి వస్తే, క్యాషియర్ కూపన్లు అటూ ఇటూ తిప్పి తల అడ్డంగా ఊపాడు.

"నంబర్ కిధర్ హై, అమ్మా? నంబర్ మాఫీ, కూపన్ మాఫీ."

మాఫీ అంటే అక్కడి అరబ్బీలో 'లేదు' అని. ప్రతి కూపన్‌కీ కుడివైపు కింది మూలలో ఒక నంబరు ఉంటుందట. అది అతను పుస్తకంలో ఎక్కించుకోవాలట. సరిగ్గా దానిమీదే నా పసుపు ఎండి గట్టిపడి ఉంది. గోటితో గీకబోతే కాగితం చిరుగుతోంది. వెనక వరస పెరుగుతోంది. ఎవరో "యల్లా, యల్లా!" అని తొందరపెడుతున్నారు. బియ్యం బస్తా దించెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. 'స్వామీ, నీ ముందే కదా పెట్టాను' అనుకున్నాను.

ఆపా నా చేతిలోంచి కూపన్ లాక్కుని వెనక్కి తిప్పింది. "అరె, సిరా ఇటు దిగింది గదా! అంకెలు కనబడ్తున్నయి, ఉల్టా ఉన్నయి గంతే." హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న అద్దం తీసి దానికెదురుగా పట్టుకుంది. "చదువు చెల్లె. నా కళ్ళజోడు ఇంట్లనే ఉండిపాయె."

అద్దంలో అంకెలు తిన్నగా నిలబడ్డాయి. నాన్నగారికి అప్పజెప్పినట్టు ఇంగ్లీషులో గట్టిగా చదివాను. క్యాషియర్ నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాడు. యల్లా అన్నాయన కూడా ముందుకొచ్చి, తొంగి చూసి, నాతో కలిసి చదవడం మొదలుపెట్టాడు. ఒక్క నూనె కూపన్ మాత్రం ఎంత చూసినా తేలలేదు.

"ఇడిచిపెట్టు. నూనె నా ఇంట్లకెల్లి పట్కపో," అంది ఆపా.

మర్నాడు ఏడిళ్ళవాళ్ళూ మా ఇంట్లో కింద బారుగా కూర్చుని తిన్నారు. ఆపా నూనెతోనే గారెలు వేగాయి. ఆ పూట దేవుడు నా మాట ఎంత దగ్గరగా విన్నాడో తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

పైవారం ఆపా కొత్త కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "పసుపు వద్దంట లేను. ఎనక పెట్టు, తల్లీ!"

కతర్‌లో ఉన్నన్నాళ్ళూ వెనకే పెట్టాను.