ఆరు బ్రౌన్ స్టిక్కర్లు

పాత నోట్‌బుక్ తిరగేస్తుంటే వేలికి చిన్న బ్రౌన్ స్టిక్కర్ అంటుకుంది. వదిలించుకోబోతే పక్క వేలికి అంటుకుంది. ఆ పేజీలో వరసగా ఇంకో అయిదున్నాయి. ఆరింటినీ ఒలిచింది నేనే. ఆ రోజు నేను చేసిన తప్పుకు అవే సాక్ష్యం. క్వాలిటీ ఇంజనీరును కదా, దాన్ని నా చేత్తోనే భద్రంగా అంటించిపెట్టుకున్నాను.

ఐర్లండ్‌లోని షానన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నోరీన్ నా మొదటి సూపర్‌వైజర్. అరవై దాటిన మనిషి, రెండు చెవులకూ డిజిటల్ వినికిడి యంత్రాలు. నేను "మేడమ్" అంటే, "బట్టల కొట్టులో పిలిచినట్టుంది. నోరీన్ అను చాలు" అన్నారు. అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ఇక్కడ బాగుంది అనడానికీ, సరే అనడానికీ అందరూ "గ్రాండ్" అంటారు. నోరీన్ మాట వినపడనప్పుడు కూడా అదే అనేవారు. ఒకసారి వెనకనుంచి "మెషీన్ ఆగిపోయింది" అని చెబితే నవ్వుతూ "గ్రాండ్" అన్నారు. అప్పటినుంచి ఆవిడకు ఎదురుగా నిలబడి మాట్లాడడం నేర్చుకున్నాను.

ఎన్నిస్‌లో మా ఇంటి దగ్గరి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు సెట్ డాన్సులు జరుగుతాయి. నాలుగు జంటలు ఎదురెదురుగా నిలబడితే, తరవాతి అడుగేమిటో ఒకరు మైకులో ముందే చెబుతుండాలి. ఏళ్ల తరబడి నోరీనే చెప్పేవారట. చెవులు మందగించాక ఒక రోజు తాళం తప్పి, జంటలు ఒకరినొకరు గుద్దుకున్నాయి. ఆ రోజే మానేశారు. కొత్త యంత్రాలు వచ్చాక మళ్లీ ఒప్పుకున్నారు. "ఈసారి తప్పితే ఇక మైకు ముట్టను" అన్నారు నాతో.

ఆవిడ మళ్లీ మైకు పట్టాల్సిన ఆదివారానికి నెల ముందు, ఫ్యాక్టరీలో ఎవరో పిలిస్తే మెషీన్ల లైను దగ్గరకు వెళుతూ, వినికిడి యంత్రాల బ్యాటరీల ప్యాకెట్ నా చేతికిచ్చి "డాన్సు బూట్ల సంచిలో డబ్బా ఉంది, అందులో పెట్టు" అన్నారు. కీళ్లవాతంతో ఆవిడ వేళ్లు వంగవు. బ్యాటరీ మీది ఒక్కో స్టిక్కర్ తీయడానికి పడే తిప్పలు నేను చూస్తూనే ఉన్నాను. మా ఇంట్లో సాయం చేయనా అని అడగడమే తప్పు. దానిమ్మ గింజలు ఒలిచి గిన్నెలో పోసి ముందు పెట్టేయడమే ప్రేమ. అలాగే ఆరు బ్యాటరీలూ ఒలిచి, స్టిక్కర్లు నా నోట్‌బుక్‌లో అంటించి, డబ్బాలో పెట్టాను. చెప్పలేదు. స్టిక్కర్ కింది సన్నని రంధ్రాల్లోకి గాలి పోగానే బ్యాటరీ పని మొదలుపెడుతుందనీ, వాడకపోయినా కొన్ని వారాల్లో చచ్చిపోతుందనీ ప్యాకెట్ వెనక రాసే ఉంది. రోజంతా ఇతరుల చేత సూచనలు చదివించే నేను అది చదవలేదు.

ఆ ఆదివారం ఫిడేళ్లు శృతి చేసుకుంటుండగా నోరీన్ చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. కాసేపటికి రెండో చెవి మీద. డబ్బా తెరిచి, ఒక్కో బ్యాటరీ వేసి చూశారు. ఒక్కటీ పలకలేదు. "వీటి స్టిక్కర్లు ఎవరు తీశారు?"

"నేనే. సాయమనుకున్నాను. క్షమించండి."

ఆవిడ నవ్వి "గ్రాండ్" అన్నారు.

ఫార్మసీకి పరిగెత్తాను. "అన్నిటికన్నా పెద్దవి ఇవ్వండి, ఎక్కువసేపు రావాలి" అంటే కౌంటర్లోని అమ్మాయి, "పెద్దదైతే మూతే పడదు. స్టిక్కర్ ఏ రంగు?" అంది. కోటు జేబులోని నోట్‌బుక్ తీసి చూపించాను. బ్రౌన్. నోరీన్ వేళ్ల సంగతి చెబితే, స్టిక్కరుకు పొడుగు తోక ఉన్న రకం తీసిచ్చింది. ఈసారి తేదీ చూశాను, ప్యాకెట్ వెనక రాసింది చదివాను.

తిరిగొచ్చాక స్టిక్కర్లు తీయడానికి నా చెయ్యి దానంతటదే ముందుకెళితే జేబులో పెట్టుకున్నాను. నోరీన్ తోకలు లాగి రెండు బ్యాటరీలనూ అరచేతిలో ఉంచుకుని ఊరుకున్నారు. వెయ్యమని సైగ చేశాను. "గాలి పీల్చుకోనీ సూరీ. తొందరపెడితే పూర్తి బలం రాదు" అన్నారు హాలంతా వినపడేలా. ముప్పై మందిమి బొత్తాలంత రెండు బ్యాటరీలను చూస్తూ నిలబడ్డాం. తరవాత యంత్రాలు చెవులకు పెట్టుకున్నారు. ఫిడేలు ఒక్క స్వరం పలికింది. ఆవిడ ముఖంలో వెలుగు చూసి చప్పట్లు మొదలయ్యాయి.

మూడు సెట్లకు అడుగులు చెప్పారు. ఒక్క తాళం తప్పలేదు. మా ఆవిడతో నేనూ దిగి, కుడికి వెళ్లమంటే ఎడమకు వెళ్లాను. "సూరీ, నీ కుడివైపు ఇంట్లో మరిచిపోయి వచ్చావా?" అని మైకులో అడిగితే హాలంతా నవ్వింది. గుద్దుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ "గ్రాండ్"నే మన్నింపుగా జేబులో వేసుకుని ఇంటికెళ్లిపోవచ్చు. వెళ్లబోయాను కూడా. కానీ టీ దగ్గర ఆగి, ఆవిడకు ఎదురుగా నిలబడి మళ్లీ చెప్పాను. "స్టిక్కర్లు తీసింది నేనే. ఇందాక చెప్పినప్పుడు మీకు వినపడలేదు."

"వినపడలేదు," అన్నారు నోరీన్ కప్పు కింద పెట్టి. "నన్ను అడిగి ఉంటే వద్దనేదాన్ని కదా?"

"అవును."

"అందుకే నువ్వు అడగలేదు."

నిజమే. సాయం పేరుతో ఎన్ని చోట్ల ఎంతమందిని అడగకుండా దాటేశానో ఆ రాత్రి లెక్క తేలలేదు. ఇప్పటికీ ఎవరి పనిలోనైనా చెయ్యి పెట్టబోతే ఆ మాటే నన్ను ఆపుతుంది.

సోమవారం తోకలున్న కొత్త ప్యాకెట్, విప్పకుండా, ఆవిడ బల్ల మీద పెట్టి అడిగాను. "తీయనా?" వద్దన్నారు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆవిడ వేళ్లు గెలిచేదాకా కూర్చున్నాను. తరవాతి వారమూ అడిగాను, ఆ తరవాతా అడిగాను. నాలుగో వారమో అయిదో వారమో, ప్యాకెట్ నా వైపు జరిపి "ఇవాళ ఒకటి తియ్యి" అన్నారు.

ఒక్కటే తీశాను.