బట్టల తాడు

సిద్ధగోరా క్వార్టర్లో పోలరాజు గోధుమపిండిలో ఇంగువ కలిపి ఎర ముద్దలు చేస్తున్నాడు. రేపు పొద్దంతా డిమ్నా లేక్ గట్టున గేలం వేయాలని అతని సరదా. భార్య బంగారమ్మకు మాత్రం కాళ్లూ చేతులూ ఆడడం లేదు. మొన్న వాకిట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కళ్లు తిరిగి పడిపోయాడు. నేల కాబట్టి లేచాడు. నీళ్లయితే?

“ఒక్కడివీ ఎల్లకయ్యా. పడితే ఎవుడు సూత్తాడు?”

“అరే, కుఛ్ నహీ హోగా, ఏటీ అవదే! గట్టు మీదే కూకుంటానే.”

“మొన్న కూకునే కదా పడ్డావు!”

నీళ్లంటేనే గుండెదడ ఆమెకు. అయినా పెరట్లోకి వెళ్లి బట్టల తాడు విప్పి తెచ్చింది.

“ఏటే ఇది?”

“ఓ కొస నీ నడుముకి, ఓ కొస నా సేతికి. నువ్వు సేపని లాగు, నాను నిన్ను లాగుతాను.”

పోలరాజు నవ్వబోయాడు. ఆమె అప్పటికే తాడు కొస తన చేతికి ముడేసుకోవడం చూసి ఆగాడు.

“సరేలే. నీక్కూడా అన్నం కట్టుకో.”